హిజ్లీ టికెట్టు: పాత కంప్యూటర్లు వెబ్ మీద ఎలా మాట్లాడుకుంటాయి?



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణాన్ని ఆనుకుని హిజ్లీ అనే స్టేషను ఉంది. భువనేశ్వర్ వైపు నుంచి టాటానగర్ మీదుగా ఢిల్లీ వెళ్లే పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లు ఖరగ్‌పూర్ లోపలికి పోకుండా ఇక్కడే ఆగుతాయి. లోపలికి పోతే ఇంజను ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చాలి. బయటి నుంచే వెళ్తే ఆ శ్రమ, ఆ సమయం రెండూ మిగులుతాయి. మీలో ఎవరికైనా ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో సీటు వస్తే ఈ స్టేషను పేరు బాగా పరిచయం అవుతుంది. ఆ విద్యాసంస్థ 1951లో మొదలైంది హిజ్లీలోని పాత నిర్బంధ శిబిరం భవనంలోనే. 1931 సెప్టెంబరు 16న బ్రిటిష్ పోలీసులు ఇద్దరు నిరాయుధ ఖైదీలను, సంతోష్ కుమార్ మిత్రను, తారకేశ్వర్ సేన్‌గుప్తాను, కాల్చి చంపిన చోటు అది.

ఖరగ్‌పూర్ మనవాళ్లకు కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి తెలుగువారి కోరిక మీద 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు గుర్తింపు కూడా ఇచ్చింది. అందుకే ఈ పాఠానికి ఉదాహరణగా హిజ్లీకి ఒక రైలు టికెట్టును తీసుకుందాం. మీరు ఇంటి దగ్గర వెబ్‌లో టికెట్టు కొంటున్నారు. మీ ముందున్న తెర ఈనాటిది. కాని సీట్ల లెక్క దాచుకున్న కంప్యూటర్ వ్యవస్థ పుట్టింది వెబ్ ఇంకా పుట్టని రోజుల్లో. ఈ రెంటికీ మాట ఎలా కలుస్తుంది? మాట మధ్యలో తెగిపోతే మీ డబ్బు ఏమవుతుంది? మన పాఠం ఇదే.

ముందుగా ఆ పాత వ్యవస్థ సంగతి చూద్దాం. మన రైల్వేల్లో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ మరుసటి సంవత్సరం రైల్వే సమాచార వ్యవస్థల కోసం ‘క్రిస్’ అనే సంస్థ ఏర్పడింది. తరువాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల్లోనూ ఇదే పద్ధతి వచ్చింది. కాని ఈ ఐదూ వేటికవే విడి దీవులు. సికింద్రాబాద్ కౌంటరులో నిలబడ్డ మనిషికి హౌరా నుంచి తిరుగు టికెట్టు కావాలంటే, ఆ సీట్ల లెక్క కోల్‌కతా కంప్యూటరులో ఉంటుంది. సికింద్రాబాద్ కంప్యూటరుకు దాని ఊసే తెలియదు. మా తరం వాళ్లకు గుర్తు, అంతకుముందు ఇలాంటి పనికి స్టేషన్ల మధ్య టెలిగ్రాములు నడిచేవి. జవాబు వచ్చేదాకా ప్రయాణం దైవాధీనం.

ఈ దీవుల మధ్య వంతెన కట్టిన సాఫ్ట్‌వేరు పేరు ‘కాన్సర్ట్’. క్రిస్ తయారుచేసిన ఈ వ్యవస్థ మొట్టమొదట 1994లో మన సికింద్రాబాద్‌లోనే పనిలోకి దిగింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఇక్కడ ఒక విషయం బాగా గమనించాలి. అన్ని సీట్లనూ ఒకే పెద్ద కంప్యూటరులో పోయలేదు. ఏ కేంద్రం రైళ్లు ఆ కేంద్రం దగ్గరే ఉన్నాయి. మిగిలిన కేంద్రాలు ‘ఫలానా రైలులో, ఫలానా తేదీకి, రెండు బెర్తులు కావాలి’ అని సందేశం పంపుతాయి. జవాబు సందేశం తిరిగి వస్తుంది. మీ టికెట్టు మీది పది అంకెల పి.ఎన్.ఆర్. నంబరులో మొదటి అంకెలు ఆ రికార్డు ఏ కేంద్రానిదో తెలుపుతాయి.

మరి సందేశం ఎలా ఉంటుంది? మనిషికైతే ఉత్తరం రాయవచ్చు. ‘అయ్యా, మా అబ్బాయి హిజ్లీ వెళ్లాలి, వచ్చే శుక్రవారం ఏదైనా బెర్తు చూడండి’ అంటే గుమాస్తాకు అర్థమవుతుంది. కంప్యూటరుకు కాదు. దానికి ప్రతి ముక్కా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే ఒప్పందం ఉండాలి. రిజర్వేషన్ ఫారం గుర్తుందా? రైలు నంబరుకు ఒక గడి, తేదీకి ఒక గడి, పేరుకు, వయసుకు విడివిడిగా గడులు. నింపవలసిన చోట నింపాలి. ఇలా గడులు కట్టిన సమాచారాన్నే నిర్మాణం గల డేటా అంటాం.

వ్యాపార లోకంలో ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. 1948లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసివేసినప్పుడు, మిత్రదేశాలు దాదాపు ఏడాదిపాటు ఆ నగరానికి విమానాల్లోనే బొగ్గు, ఆహారం చేరవేశాయి. ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో సరుకు జాబితాలు రాస్తుంటే పని నడవదని, ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే అమెరికన్ సైనికాధికారి టెలెక్సులోనూ టెలిఫోనులోనూ కూడా పంపగలిగే ఒకే రకం సరుకు పట్టీని రూపొందించాడు. తరువాత ఆయన రవాణా సంస్థల డేటా సమన్వయ సంఘంలో పనిచేశాడు. 1968లో ఏర్పడిన ఆ సంఘంలో నుంచే ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్, పొట్టిగా ఇ.డి.ఐ., అనే పద్ధతి పెరిగింది. అమెరికాలో ‘ఎక్స్-12’ అనే ప్రమాణం, 1980ల చివరలో ఐక్యరాజ్యసమితి పూనికతో ‘ఎడిఫాక్ట్’ అనే ప్రమాణం వచ్చాయి. మన కస్టమ్స్ శాఖ కూడా 1990ల మధ్యలో ఇ.డి.ఐ. మొదలుపెట్టింది. విశాఖ రేవులోనైనా హల్దియా రేవులోనైనా దిగిన సరుకు వివరాలు ఈనాడు ‘ఐస్‌గేట్’ అనే ద్వారం గుండా కంప్యూటరు నుంచి కంప్యూటరుకు వెళ్తాయి.

ఇ.డి.ఐ. సందేశాన్ని చూస్తే అది కూడికల పుస్తకంలా కనబడుతుంది. ఎడిఫాక్ట్‌లో ఒక్కో ముక్క మధ్య కూడిక గుర్తు, ముక్కలోని భాగాల మధ్య రెండు చుక్కల గుర్తు, వాక్యం చివర ఒక కొమ్ము. చాలా పొదుపు. ఆ రోజుల్లో టెలిఫోను తీగ మీద ఒక్కో అక్షరానికీ డబ్బు, సమయం ఖర్చయ్యేవి మరి.

ఇంకా పాత పద్ధతి మరొకటి ఉంది. దానిలో గుర్తులు కూడా ఉండవు, లెక్క మాత్రమే. నేను కల్పించిన ఒక నమూనా రికార్డు చూడండి. మొదటి 4 గడులు రైలు నంబరుకు, తరువాతి 6 తేదీకి, ఆ పై 4 ఎక్కే స్టేషను కోడుకు, 4 దిగే స్టేషను కోడుకు, 15 పేరుకు, 2 వయసుకు. మొత్తం 35. హిజ్లీ కోడు హెచ్, ఐ, జె అనే మూడు ఆంగ్ల అక్షరాలు. గడులు నాలుగు కాబట్టి చివర ఒక ఖాళీ వదలాలి. ఆ ఖాళీ మరిచారో, ఆ తరువాతివన్నీ ఒక గడి ముందుకు జరిగి, పేరులోని మొదటి అక్షరం స్టేషనులోకి, వయసులోని మొదటి అంకె పేరులోకి వచ్చి పడతాయి. కంప్యూటరు నోరు మెదపదు. తప్పు రికార్డునే ఒప్పుగా రాసుకుంటుంది.

ఇక పేరు గడి. వెంకట సత్యనారాయణ అనే పేరును ఆంగ్ల అక్షరాల్లో రాస్తే 20 అక్షరాలు, మధ్య ఖాళీతో 21. పదిహేను గడుల్లో పడేది ‘వెంకట సత్యన’ వరకే. పొడుగాటి పేర్లు పెట్టుకునే మనలాంటి వాళ్లకు పాత కంప్యూటర్ల దగ్గర ఈ కత్తిరింపు తప్పలేదు. రైలులో గుర్తింపు కార్డు చూపించేటప్పుడు ఈ మాట తమాషాగా ఉండదు.

రైలు నంబరుకు నేను 4 గడులు ఇచ్చాను గదా, అది ఊరికే ఇచ్చింది కాదు. చాలాకాలం మన రైళ్లకు నాలుగంకెల నంబర్లే ఉండేవి. రైళ్లు పెరిగాయి, నంబర్లు చాలలేదు. 2010 డిసెంబరు 20 నుంచి అన్నీ ఐదంకెలయ్యాయి. ప్రయాణికుడికి అది ముందొక అంకె చేర్చడమే. కాని నాలుగే గడులని నమ్ముకున్న ప్రతి ప్రోగ్రామునూ, ప్రతి ఛార్టునూ, ఇతర సంస్థలతో మార్చుకునే ప్రతి సందేశాన్నీ వెతికి సరిచేయకపోతే ఏం జరుగుతుందో పై రికార్డుతో మీరే ప్రయత్నించి చూడండి. 2000 సంవత్సరం వచ్చినప్పుడు ప్రపంచమంతా భయపడినదీ ఇలాంటి ఇరుకు గడి గురించే. సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు మరి.

ఇప్పుడు వెబ్ సంగతికి వద్దాం. టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించింది మనుషులు చదువుకునే పత్రాలను కలపడానికి. వెబ్ పేజీ రాసే హెచ్.టి.ఎం.ఎల్. భాష ‘ఈ మాటను లావుగా చూపించు, దీన్ని పట్టికలో పెట్టు’ అని చెబుతుంది. అది వయసో, బెర్తు నంబరో, రూపాయలో చెప్పదు. కంటికి 42 అని కనబడితే పక్కనున్న మాటను బట్టి మనం గ్రహిస్తాం. యంత్రానికి ఆ గ్రహింపు లేదు. ఈ లోటు తీర్చడానికి 1998 ఫిబ్రవరిలో ఎక్స్.ఎం.ఎల్. అనే ప్రమాణం వెలువడింది. దీనిలో ప్రతి ముక్కకూ ముందూ వెనకా పేరు తగిలిస్తారు. అక్షరాలు లెక్కపెట్టే పని లేదు. మన నమూనా రికార్డు ఇలా మారుతుంది.

<టికెట్టు>
<ప్రయాణతేదీ>2026-08-21</ప్రయాణతేదీ>
<దిగేస్టేషను>హిజ్లీ</దిగేస్టేషను>
<పేరు>వెంకట సత్యనారాయణ</పేరు>
<వయసు>18</వయసు>
</టికెట్టు>

ఈ పేర్లు తెలుగులో రాయడం నా సరదా మాత్రమే కాదు. ఎక్స్.ఎం.ఎల్. యూనికోడ్ లిపుల మీద నిలిచింది కాబట్టి తెలుగు పేర్లు కూడా అక్కడ చెల్లుతాయి. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాయడం కూడా గమనించండి. 05-04-06 అని రాస్తే మనకు అది ఏప్రిల్ 5, అమెరికావారికి మే 4. వరుస ఒప్పందం లేకపోతే రైలు ఒక నెల తేడాతో వెళ్లిపోతుంది.

ఎక్స్.ఎం.ఎల్. వల్ల వచ్చిన పెద్ద లాభం వేరే ఉంది. రేపు ఎవరైనా <సెల్‌ఫోను> అని కొత్త ముక్క చేర్చినా, దాన్ని ఎరగని పాత ప్రోగ్రాము దాన్ని దాటవేసి తనకు కావలసినవి తీసుకోగలదు, అలా రాసి ఉంచితే. నష్టం ఏమిటంటే బరువు. 35 అక్షరాల సమాచారం వందల అక్షరాలవుతుంది. దానికి తోడు, నెట్‌లో ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి 1 బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. అందుకే తరువాత జేసన్ అనే మరింత తేలిక రాత వ్యాప్తిలోకి వచ్చింది. మన దేశంలో 2020 అక్టోబరు 1న పెద్ద వ్యాపార సంస్థలకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయినప్పుడు, బిల్లు పంపడానికి నిర్ణయించిన రూపం జేసన్‌లోనే ఉంది. పాత సిమెంటు డీలరు కంప్యూటరులోని ఖాతా ప్రోగ్రాము ఏ తరానిదైనా సరే, గడప దాటేటప్పుడు మాత్రం ఆ రూపంలోనే దాటాలి.

‘గడప’ అన్నాను. పాత కంప్యూటర్లను వెబ్‌కు కలిపే ఉపాయమంతా ఆ గడప దగ్గరే ఉంది. రిజర్వేషన్ లాంటి వ్యవస్థను ఒక రాత్రి ఆపేసి, మరునాడు కొత్తది పెట్టడం కుదరదు. ప్రతిరోజూ లక్షల మంది దాని మీద ఆధారపడి ఉన్నారు. ఏళ్ల తరబడి పోగుపడిన నియమాలు, అంటే కోటాలు, రాయితీలు, వెయిటింగ్ లిస్టు ముందుకు జరిగే లెక్కలు, అన్నీ ఆ ప్రోగ్రాముల్లోనే ఉన్నాయి. కొన్నిటిని రాసినవారు రిటైరైపోయి ఉంటారు. కాబట్టి దాన్ని కదిలించకుండా ముందు ఒక దుబాసీని కూర్చోబెడతారు. ఆ దుబాసీ ఒక వైపు వెబ్‌తో ఎక్స్.ఎం.ఎల్. లాంటి భాషలో మాట్లాడుతుంది. మరో వైపు పాత వ్యవస్థకు అలవాటైన సందేశాన్నే గడులు లెక్కపెట్టి అందిస్తుంది. పాత వ్యవస్థ దృష్టిలో అది ఇంకొక కౌంటరు గుమాస్తా, అంతే.

రైల్వే టికెట్లు వెబ్‌లోకి వచ్చింది 2002 ఆగస్టులో, ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా. మొదట్లో వెబ్‌లో కొన్న టికెట్టును కాగితం మీద అచ్చువేసి కొరియరులో ఇంటికి పంపేవారు. ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది కాని దానిలో అర్థముంది. సమాచారం అటు నుంచి ఇటు వచ్చింది, కాని రైలులో చూపించవలసిన ప్రమాణపత్రం ఇంకా కాగితమే. 2005లో ఈ-టికెట్టు వచ్చాక గాని ఆ కాగితం అవసరం తీరలేదు. సాంకేతికత ముందు మారింది, నియమం తరువాత మారింది. సరుకు రవాణాలోనూ ఇదే కథ. రైల్వే రసీదు అనే కాగితం చేతిలో ఉన్నవాడికే సరుకు అప్పగించేవారు. ఆ రసీదు కూడా ఎలక్ట్రానిక్ సందేశంగా మారడానికి సాఫ్ట్‌వేరు ఒక్కటే చాలలేదు, నియమాలు కూడా మార్చవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. మీరు హిజ్లీ టికెట్టుకు డబ్బు కట్టే మీట నొక్కారు. తెర మీద చక్రం తిరుగుతోంది. కరెంటు పోయింది, లేదా నెట్ తెగింది. ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చింది, డబ్బు పోయింది. టికెట్టు జాడ లేదు. కౌన్సెలింగుకు వెళ్లవలసిన రోజు దగ్గర పడింది, మళ్లీ కట్టడానికి ఇంట్లో అంత డబ్బు లేదు. మీరేం చేస్తారు?

దీనిని కంప్యూటరు వైపు నుంచి చూడండి. అభ్యర్థన పంపాం, జవాబు రాలేదు. మూడు రకాలుగా జరిగి ఉండవచ్చు. అభ్యర్థన అసలు చేరనే లేదు. లేక చేరింది కాని పని మధ్యలో ఆగింది. లేక పని పూర్తయింది, చెప్పడానికి బయలుదేరిన జవాబు దారిలో పోయింది. పంపినవాడికి మూడూ ఒకేలా కనబడతాయి, మౌనంగా. మళ్లీ పంపితే, మూడో సందర్భంలో రెండు టికెట్లు, రెండుసార్లు డబ్బు. పంపకపోతే, మొదటి సందర్భంలో టికెట్టే లేదు. పోస్టులో వేసిన ఉత్తరానికి జవాబు రాని పెళ్లిపెద్ద పరిస్థితి ఇదే.

దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది. ప్రతి అభ్యర్థనకూ పంపేవాడే ముందుగా ఒక ప్రత్యేక సంఖ్య తగిలిస్తాడు. మళ్లీ పంపవలసి వస్తే అదే సంఖ్యతో పంపుతాడు. అందుకునే కంప్యూటరు తన పుస్తకంలో చూసుకుంటుంది. ఆ సంఖ్య లేకపోతే పని చేస్తుంది. ఇప్పటికే ఉంటే పని మళ్లీ చేయదు, అప్పుడిచ్చిన జవాబునే తిరిగి వినిపిస్తుంది. అప్పుడు ఎన్నిసార్లు అడిగినా ఫలితం ఒక్కటే. ఇంత చిన్న జాగ్రత్త లేకుండా కట్టిన వ్యవస్థలు చూశాను, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇది ఇద్దరి మధ్య సంగతి. మన టికెట్టులో పాత్రలు కనీసం ముగ్గురు: వెబ్ సర్వరు, బ్యాంకు, రిజర్వేషన్ కేంద్రం. బ్యాంకు డబ్బు తీసింది, ఆ లోపల చివరి బెర్తు వేరెవరికో వెళ్లిపోయింది. ఒకే సంస్థ లోపలైతే రెండు దశల పద్ధతి వాడతారు. మొదటి దశలో ‘అందరూ సిద్ధమేనా?’ అని అడిగి, అందరూ సరేనన్నాకే రెండో దశలో ‘కానివ్వండి’ అంటారు. ఒక్కరు కాదన్నా అందరూ వెనక్కి. ఐదు రిజర్వేషన్ కేంద్రాలను కలిపినప్పుడు ఇలాంటి లావాదేవీలు భద్రంగా దాటించడానికే ‘రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్’ అనే సాఫ్ట్‌వేరు వాడారు. కాని ఎవరికీ లోబడని బ్యాంకులను రైల్వే కంప్యూటరు కోసం ఊపిరి బిగబట్టి నిలబడమనలేం. అక్కడ వేరే దారి. ఎవరి పని వారు చేసుకుపోతారు. తేడా వస్తే దిద్దుబాటు పద్దు రాస్తారు, అంటే డబ్బు వాపసు. రోజు చివర రెండు పక్షాలూ తమ జాబితాలు ఎదురెదురుగా పెట్టి, సంఖ్యకు సంఖ్య సరిపోల్చుకుంటాయి. ఒక వైపు ఉండి రెండో వైపు లేనిది బయటపడుతుంది. కిరాణా కొట్టులో చిట్టా, ఆవర్జా సరిచూసుకోవడం ఇదే.

అందుకే వాపసు వెంటనే రాదు, కొన్ని రోజులు పడుతుంది. ఎన్ని రోజులని ప్రజలు అడుగుతూనే ఉన్నారు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు పెట్టింది. వెబ్‌లో కార్డుతో కొన్నప్పుడు డబ్బు తెగి, అమ్మినవారికి ఖరారు సందేశం చేరకపోతే, లావాదేవీ జరిగిన నాటి నుంచి 5 రోజుల్లో ఆ మొత్తం దానంతటదే తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. మీరు చేయవలసింది లావాదేవీ సంఖ్యను రాసి పెట్టుకోవడం, మళ్లీ కొనేముందు బుకింగ్ చరిత్ర పేజీ తెరిచి మొదటి ప్రయత్నం ఏమైందో చూడడం. తెర మీద కనబడినది కాదు, అక్కడి పుస్తకంలో రాసి ఉన్నదే లెక్కకు వస్తుంది.

ఇక మీకు ఒక అభ్యాసం. మీ కళాశాల గ్రంథాలయంలో పుస్తకం అప్పు ఇచ్చే రిజిస్టరు చూడండి. దానిలోని ఒక వరుసను ముందు గడులు లెక్కపెట్టి, తరువాత ఎక్స్.ఎం.ఎల్.లో రాయండి. రాసినదాన్ని పక్క కళాశాల మిత్రుడికి ఏ వివరణా ఇవ్వకుండా పంపండి. అతను మీ తేదీని, మీ పేరును, పుస్తకం సంఖ్యను తప్పులేకుండా తన రిజిస్టరులోకి ఎక్కించగలిగాడా? ఎక్కడ తడబడ్డాడో అక్కడ మీ ఇద్దరి మధ్య ఒప్పందం లోపించిందన్నమాట. ఆ తరువాత అదే వరుసను రెండుసార్లు పంపి, అతని రిజిస్టరులో ఎన్ని పుస్తకాలు అప్పు పడ్డాయో అడగండి.